పోయినోళ్ల నక్ష

మా మనవరాలు ఈసారి బతుకమ్మ పండుగకు హైదరాబాద్ నుంచి ఒక నక్ష పట్టుకొచ్చింది.

నక్ష అంటే నాకు తెలిసింది ఒక్కటే. పట్వారీ దస్తరంలో గుడ్డకు అంటించి నాలుగు మడతలు పెట్టిన ఊరి నక్ష. సర్వే నంబర్లు, వాగు, బండ్లబాట, చెరువు శిఖం, వాటి నడుమ పట్వారీకి తప్ప ఇంకెవరికీ అర్థం కాని చుక్కలు. ఈమె తెచ్చింది లాప్‌టాప్‌లో ఉంది. తెర నిండా డబ్బాలు. కొన్ని పచ్చవి, కొన్ని పసుపువి, కుడిపక్క పై మూలకు అన్నీ ఎర్రవే. "ఏందే బిడ్డా, అష్టాచెమ్మా గీసినవా?" అంటే నవ్వింది. "మా కంపెనీల ఎవరెవరు మానేస్తున్నరు, ఎందుకు మానేస్తున్నరు, మేనేజ్‌మెంటుకు దేని మీద ఎంత రంది ఉన్నది, అన్నీ ఇందులనే కనవడతయి తాతా" అన్నది.

గచ్చిబౌలిలో ఆమె కొలువు అదే. హెచ్చార్. పోయేవాళ్లు ఎందుకు పోతున్నారో కనుక్కునేందుకు ఒక మనిషిని పెట్టి, ఆ మనిషికి నెలనెలా జీతమిచ్చి, మీదికెళ్లి ఇంటికి క్యాబు కూడా పంపిస్తారట! మా రోజుల్లో పొద్దున పదిన్నర దాటితే 'ఎందుకు రాలేదు' అని ఎర్ర సిరాతో అడిగేవాళ్లు. 'ఎందుకు పోయావు' అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఎవడు పోయాడు గనక అడగడానికి?

నేను 1974లో ఎల్డీసీగా చేరాను. 2012లో సూపరింటెండెంటుగా దిగాను. నడుమ ముప్పై ఎనిమిదేళ్లు ఒకే శాఖ, అందులో సగానికి పైగా ఒకే సెక్షను, ఎస్టాబ్లిష్‌మెంటు. ఇప్పటి లెక్కన నేనూ హెచ్చారే. నాకు లాప్‌టాప్ లేదు, తలుపు సరిగా పడని ఇనుప బీరువా ఉండేది. దాని నిండా సర్వీసు రిజిస్టర్లు. మనిషికొక పుస్తకం. మొదటి పేజీలో ఎత్తు, పుట్టుమచ్చలు, వేలిముద్రలు. తర్వాత ఏడాదికొక ఇంక్రిమెంటు, సెలవుల ఖాతా, చేసిన తప్పు, పడిన శిక్ష, బదిలీ అయి పోయిన చోటు, మళ్లీ వచ్చిన చోటు. పెండ్లి రోజు మరిచిపోయినవాళ్లను చూశాను గానీ, తన ఇంక్రిమెంటు నెల మరిచిపోయిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. మా దేవరకొండ ఖిల్లా గోడల్లో రాళ్లు కదిలాయేమో గానీ, మా బీరువాలోంచి ఒక్క పుస్తకం కూడా 'రాజీనామా' అన్న మాటతో మూతపడలేదు. పదవీ విరమణ, లేదంటే మరణం. ఆ రెండే ముగింపులు.

ఆ రోజుల్లో పిల్లనిచ్చేవాళ్లు మొదట అడిగే మాట "పర్మనెంటేనా?" అని. జీతమెంతన్నది రెండో మాట, అదీ మధ్యవర్తి చెవిలో. నా మొదటి జీతం మూడొందల లోపే. అయినా మా మామ ఎగిరి గంతేశాడు. ఎందుకంటే అది ఆగదు. వానలు రాకున్నా వస్తది, ఆముదం ధర పడ్డా వస్తది. డిండి వాగు ఎండినా ఒకటో తారీఖు ఎండదు. ఇప్పుడు "ప్యాకేజీ ఎంత?" అంటున్నారు. ప్యాకేజీ అంటే మాకు తిరుపతి టూరు. పర్మనెంటు మాట ఎత్తితే మనవరాలు నన్ను పాత రేడియోను చూసినట్టు చూస్తుంది.

సరే, ఆ నక్ష సంగతి. 2022లో సాఫ్ట్‌వేరు కొలువుల్లో అల్లకల్లోలం అయిందట. ఆ యేడు ఒక దశలో ఇన్ఫోసిస్‌లో ఏడాదికి నూటికి 28 మంది చొప్పున మానేశారు, టీసీఎస్‌లో 21 మంది. కరోనా తర్వాత పని పెరిగి, ఒక కంపెనీ మనుషులను ఇంకో కంపెనీ జీతం పెంచి లాక్కుపోయింది. మానేయడాన్ని వాళ్లు 'పేపర్ పెట్టడం' అంటారు. పేపర్ పెట్టినాక మూడు నెలల నోటీసు. ఆ మూడు నెలల్లో ఇక్కడివాడు బతిమాలతాడు, అక్కడివాడు తొందరపెడతాడు, మూడోవాడు నడుమల దూరి ఇంకో నాలుగు లక్షలు ఎక్కువిస్తానంటాడు. చేరతానన్న రోజున చేరకుండా ఫోను కట్టేసేవాళ్లు కూడా ఉన్నారట. మా దగ్గర నియామకపు కాగితం తీసుకుని చేరనివాడంటే మతి తప్పినవాడని లెక్క. పని లేనప్పుడు కూర్చోబెట్టి జీతమివ్వడాన్ని 'బెంచి' అంటారని చెప్పింది. మా ఆఫీసులోనూ బెంచి ఉండేది. దొరగారి గది బయట. దాని మీద అటెండరు నిద్రపోయేవాడు. ఆ బెంచి నుంచి ఎవరినీ తీసేయలేదు. కాలు విరిగితే వడ్రంగి వచ్చి చెక్క కొట్టిపోయేవాడు.

ఒకే మనిషి రెండు కంపెనీల్లో దొంగచాటుగా పనిచేస్తున్నాడని 2022 సెప్టెంబరులో విప్రో మూడు వందల మందిని తీసేసిందట. దానికి 'మూన్‌లైటింగ్' అని వెన్నెల పేరు పెట్టారు. నేను లోలోపల నవ్వుకున్నాను. మా కాలంలో పెండ్లాం పేరు మీద ఎల్‌ఐసీ ఏజెన్సీ లేని గుమస్తా ఎంతమంది? వానాకాలం వచ్చిందంటే సగం బడిపంతుళ్లు పొద్దున అరక దున్ని, కాళ్లకు బురదతోనే ప్రార్థనకు నిలబడేవాళ్లు. దానికి వెన్నెలా చీకటా అని పేర్లు పెట్టలేదు. అందరూ చేసేది గనక ఎవరూ చూడలేదు.

మనవరాలు చదువుకున్నది. ఊరికే ఓడిపోదు. "ఇది ఇప్పటి రోగం కాదు తాతా, నూరేండ్ల కింద అమెరికాల కూడా ఉండె" అని ఫోర్డు కార్ల కథ చెప్పింది. 1913లో హెన్రీ ఫోర్డు కార్ఖానాలో పద్నాలుగు వేల మంది పనిలో ఉండాలంటే ఏడాదికి యాభై వేల పైచిలుకు మందిని చేర్చుకోవాల్సి వచ్చిందట. వరస కట్టి నిలబడి, రోజంతా ఒకే మర బిగించే పని. నాలుగు రోజులు చేసి విసుగొచ్చి పోయేవాళ్లు. చివరికి 1914 జనవరిలో ఆయన రోజు కూలిని రెండింతలకు పైగా చేసి అయిదు డాలర్లు ఇస్తానన్నాడు, తొమ్మిది గంటల పనిని ఎనిమిదికి తగ్గించాడు. పోయేవాళ్లు ఆగారు, కార్ఖానా గేటు ముందు కొత్తవాళ్లు ఎగబడ్డారు. "అంటే ఏమయింది? పైసలే అయింది గద" అన్నాను. "గంతే కాదు తాతా..." అని ఇంకేదో గ్రాఫు తెరిచింది. వాళ్ల అమ్మమ్మ జొన్నరొట్టెలకు పిలిచింది, బతికిపోయాను.

తింటూ ఆలోచించాను. మనిషిని నిలబెట్టుకునే తిప్పలు అమెరికా దాకా పోయి నేర్చుకోవాలా? జీతం అన్న మాట ఇప్పుడు ఫోనులో టింగుమనే మెసేజీ అయింది గానీ, మా తాలూకాలో ఆ మాటకు గొడ్ల కొట్టం వాసన ఉండేది. జీతగాడంటే నౌకరీదారు కాదు, పటేలు ఇంట్లోనో దొర ఇంట్లోనో ఏడాదికి కుదిరిన మనిషి. ఉగాది నుంచి ఉగాదికి లెక్క. ఇన్ని జొన్నలు, ఒక గొంగడి, ఒక చెప్పుల జత. ఉగాది పచ్చడి తిన్నాక తేలేది, ఉన్నట్టా మారినట్టా అని. ఎడ్ల మనసు తెలిసిన జీతగాణ్ని పక్క ఆసామి ఎక్కడ ఎగరేసుకుపోతాడోనని శివరాత్రి నుంచే యజమానికి నిద్ర పట్టేది కాదు. ఆ రందికి వాళ్లు కనిపెట్టిన మందు అప్పు. పెండ్లికి అప్పు, చావుకు అప్పు. తీరేదాకా కదలరాదు. తండ్రి తీర్చలేకపోతే కొడుకు. భగేలా అనేవాళ్లు దాన్ని. 1936లో నిజాం సర్కారు దాన్ని కట్టడి చేయాలని నిబంధన తెచ్చింది, 1976లో దేశమంతటికీ వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. నడుమ నలభై ఏండ్లు. ఆ నలభై ఏండ్లలో ఎందరు అట్లనే ముసలివాళ్లయ్యారో ఏ రిజిస్టరులోనూ లేదు.

ఈ ముచ్చట చెబితే మనవరాలు చేయి కడుక్కుంటూ అన్నది, "మా దగ్గర బాండు అంటరు తాతా. ట్రైనింగ్ ఇచ్చినం గనుక రెండేండ్లు ఉండాలె. నడుమ పోతే పైసలు కట్టి పోవాలె." రెంటినీ ఒక గాటన కట్టడం అన్యాయమే, నాకు తెలుసు. ఏసీ గదిలో కాఫీ మిషను పక్కన కూర్చునేవాడికీ, కొట్టంలో ఎద్దు పక్కన పడుకున్నవాడికీ పోలికేమిటి? అయినా కళ్లద్దాలు తీసి ఒకసారి తుడుచుకున్నాను.

మా సర్కారు పద్ధతి వేరు. సర్కారు కొలువులో మనిషి పోడు, తిరుగుతాడు. బదిలీ అన్నది మా హెచ్చార్ పాలసీ. మాట విననివాణ్ని బెదిరించాలంటే ఒకటే మాట, "చందంపేట దిక్కు పంపుతా". అడవి, గుట్టలు, ఉన్నదో లేదో తెలియని బస్సు. ఆర్డరు చేతికొచ్చిన మర్నాడే మనిషికి నడుము నొప్పి. రెండు నెలలు మెడికల్ లీవు. ఆ రెండు నెలల్లో నల్గొండ పోయి, హైదరాబాద్ పోయి, తెలిసిన ఎమ్మెల్యేను పట్టుకుని ఆర్డరు రద్దు చేయించుకునేవాడు. కాగితం మీద పోస్టు నిండుగా ఉండేది, అక్కడి కుర్చీ మీద దుమ్ము ఉండేది. మనవరాలి నక్షలో అటువంటి కుర్చీ పచ్చ డబ్బాలో పడుతుంది. ఎవరూ మానలేదు కదా!

ఇంక ప్రమోషన్లు. పైన ఖాళీ వస్తేనే కింద కదలిక. పైవాడు రిటైరు కావాలి, లేదా పోవాలి. సీనియారిటీ జాబితా చూసుకుంటూ పైవాడి దగ్గును లెక్కపెట్టేవాళ్లను నేను ఎరుగుదును. ఏండ్ల తరబడి ఒకే కుర్చీలో ఉండిపోయినవాళ్లకు ఊరట అని సర్కారు 8 ఏండ్లకొకటి, 16కొకటి, 24కొకటి స్కేలు పెంపు పెట్టింది. కుర్చీ అదే, పని అదే, చేతిలో నాలుగు పైసలు ఎక్కువ. ఆ తెలివి ఎవరికొచ్చిందో గానీ దండం పెట్టాలి. ఆశను ఎనిమిదేండ్లకొకసారి గుక్కెడు నీళ్లిచ్చి బతికించారు.

అట్లాంటి కొలువులో కూడా ఒక్కరోజు మూకుమ్మడిగా మనుషులు పోవడం చూశాను. 1983. ఎన్టీఆర్ గద్దెనెక్కిన కొత్త. విరమణ వయసు 58 నుంచి 55కు దించారు. ఫిబ్రవరి 28 ఆఖరు రోజు. యాభై అయిదు దాటినవాళ్లంతా ఆ సాయంత్రమే దిగిపోవాలి. రాష్ట్రమంతా వేలమంది. మా హెడ్‌క్లర్కు కూతురి లగ్నం పెట్టుకుని ఉన్నాడు. సాయంత్రం అయిదింటికి పెన్ను జేబులో పెట్టుకుని, టేబులు మీది ఇంకు ప్యాడు మూత రెండుసార్లు తీసి మూసి, "రేపు బిల్లు పంపాలె, యాదుంచుకో" అని నాతో చెప్పి పోయాడు. రేపు అనేది ఆయనకు లేదన్న సంగతి మా ఇద్దరికీ అప్పుడే తట్టలేదు. ఆ లొల్లి సుప్రీంకోర్టు దాకా పోయింది, 58 మళ్లీ వచ్చింది. అన్నట్టు, 2021లో తెలంగాణ సర్కారు దాన్ని 61 చేసింది. నేను 2012లో దిగాను. నా పాలిటికి అన్నీ ముందు వెనుకలే.

యాభై ఎనిమిది, అరవై ఒకటి, ఈ లెక్కలు రిజిస్టరులో పేరున్నవాళ్లవి. పేరు లేనివాళ్లు మా కాలంలోనూ ఉన్నారు. మనవరాలికి నేను గొప్పగా చెప్పిన 'ఎవడు పోయాడు గనక' అన్న మాట వాళ్ల దగ్గర చెల్లదు. ఎన్‌ఎంఆర్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు, మస్టరు మీద దినకూలీలు. వాచ్‌మన్లు, కాలువ లస్కర్లు, డ్రైవర్లు, టైపు కొట్టేవాళ్లు కూడా. పదేండ్లయినా దినకూలీయే. 1994లో వాళ్ల మీద ఒక జీవో వచ్చింది, 212, ఏప్రిల్ 22 తారీఖుది. నాకు నా పెండ్లి తారీఖు కంటే గట్టిగా యాదున్న తారీఖు. 1993 నవంబరు 25 నాటికి అయిదేండ్లు ఎడతెగకుండా పనిచేసినవాళ్లను పర్మనెంటు చేయాలని. అదే యేడు రెండో నంబరు చట్టం, ఇకమీదట ఎవరినీ ఇట్లా పెట్టుకోరాదని, పెట్టుకున్నా పర్మనెంటు చేయరాదని.

ఆ ఎండకాలమంతా మా వరండా జాతర. గోనెసంచుల్లో, ప్లాస్టిక్ కవర్లలో, ఇనుప ట్రంకుల్లో కాగితాలు. మస్టరు రోళ్లు చెదలు తిన్నవి కొన్ని, ఎలుకలు కొట్టినవి కొన్ని. రోజుకు పదహారు గంటలు కూర్చుని నెల నెలా కూడేవాణ్ని. ఒక తండా మనిషి ఉండేవాడు. సామాన్ల షెడ్డుకు కాపలా. నేను చూస్తుండగానే అతని తల నెరిసింది. మస్టరు తీస్తే 1990 ఎండకాలంలో మూడు నెలలు పేరు లేదు. "ఏమయింది?" అని అడిగాను. "ఆ యేడు ఎనిమిది నెలలు పైసలు రాలే సారూ. ఇంటి దానికి పానం బాగలేకుండె. మేస్త్రి అడ్వాన్సు ఇస్తె బొంబాయి పోయిన. బిల్డింగు పనికి. పైసలు దొరకంగనే మల్ల ఇదే షెడ్డుకాడికొచ్చిన" అన్నాడు. నిజమే, బడ్జెట్ రాలేదని ఎనిమిది నెలలు బిల్లులు ఆగిన సంవత్సరం అది. ఆ బిల్లులు ఆపిన ఆఫీసు మాదే. ఎడతెగని సర్వీసు లేదన్నదీ మా ఆఫీసే. నేను కావాలంటే మూడు నెలలు రాసేవాణ్ని. చాలామంది గుమస్తాలు రాశారు, అదేదో మహాపాపం అని నేను ఇప్పుడు అనలేను. నేను రాయలేదు. 'అర్హత లేదు' అని రాసి సంతకం పెట్టి పక్కకు జరిపాను. నియమం తప్పని గుమస్తానని నాకు ఆ రోజుల్లో పేరు. అతను కాసేపు నిలబడి, "నేను పోలే సారూ, పోయొచ్చిన" అన్నాడు. రెండింటికీ తేడా ఉందని నాకూ తెలుసు. నా రిజిస్టరులో ఆ గడి లేదు.

పాలమూరు కూలీ అని దేశమంతా పేరుపడ్డ మనుషులకు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సే నియామక పత్రం. నాగార్జునసాగర్ కట్టినా, శ్రీశైలం కట్టినా రాళ్లెత్తినవాళ్లు వాళ్లే. దసరా దాటితే మా తండాలు సగం ఖాళీ. తాళాలు, ముసలివాళ్లు, కుక్కలు. ఏ యాజమాన్యం కూడా వీళ్లు ఎందుకు పోతున్నారని నక్ష గీయలేదు. ఎందుకు గీస్తుంది? వీళ్లు పోతేనే కదా అక్కడ పని నడిచేది.

ఇప్పటి సర్కారు కొలువులు చూస్తే మాత్రం నాకు తలతిరుగుతుంది. 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం తెచ్చి, అయిదొందల జనాభా దాటిన తండాలను పంచాయతీలు చేశారు. మంచి పనే, మా దిక్కు తండాలకు మొదటిసారి సొంత బోర్డు వచ్చింది. ఊరికొక కార్యదర్శి కావాలని 9,355 మంది జూనియర్ పంచాయతీ కార్యదర్శులను తీసుకున్నారు. నెలకు పదిహేను వేలు, మూడేండ్ల ప్రొబేషన్. ఆ మూడు నాలుగైంది. జీతం 2021లో 28,719కి పెరిగింది గానీ పర్మనెంటు మాట అప్పటికి లేదు. మోరీలు తీయించాలి, మొక్కలు బతికించాలి, మొక్క ఎండితే షోకాజ్ నోటీసు. నేను ఎరిగిన ఒక తండాలో నాలుగేండ్లలో ముగ్గురు మారారు. ఒకరు పోలీసు కొలువుకు, ఒకరు టీచరు పరీక్షకు చదువుకునేందుకు, మూడో అమ్మాయి పెండ్లి చేసుకుని. నర్సరీలో మొక్కలు ముగ్గురినీ చూశాయి. 2023 ఏప్రిల్ ఆఖరున వాళ్లు సమ్మెకు దిగితే, చేరకపోతే కొలువు పోయినట్టేనని హెచ్చరించారు. మొదట ఉండమని పిలిచి, తర్వాత ఉంటామంటే బెదిరించి, పోతుంటే మనుషులు దొరకడం లేదని బాధపడటం! ఇదెక్కడి పాలసీ?

ఆర్టీసీ సంగతి చెప్పకపోతే దేవరకొండ డిపో ముందు నుంచి నడిచే మొహం ఉండదు నాకు. 2019 అక్టోబరు 5న సమ్మె మొదలైంది. దగ్గర దగ్గర నలభై ఎనిమిది వేల మంది. పెట్టిన గడువులోగా డ్యూటీ ఎక్కనివాళ్లు తమంతట తామే కొలువు వదులుకున్నట్టని ముఖ్యమంత్రి అన్నారు. ముప్పై ఎనిమిదేండ్ల సర్కారు కొలువులో నేను చూడని పద్ధతి అది. ఛార్జి మెమో లేదు, విచారణ లేదు, సంజాయిషీ లేదు. యాభై రెండు రోజులు. ఊళ్లో టీకొట్టు దగ్గర ఖాకీ అంగీలు కండక్టరు సంచీ లేకుండా కూర్చుని ఉండేవి. సమ్మె ఆగాక అందర్నీ తీసుకున్నారు, విరమణ వయసు అరవై చేశారు, 2023లో అదే సర్కారు అదే సిబ్బందిని, నలభై మూడు వేల పైచిలుకు మందిని, సర్కారులో కలుపుతూ చట్టం చేసింది. వెళ్లిపోయారని అన్న నోటితోనే మావాళ్లని అన్నారు. 1932లో నిజాం సర్కారు ఇరవై ఏడు బస్సులు, నూట అరవై ఆరు మందితో మొదలుపెట్టిన కొలువు అది. ఇన్ని సర్కార్లు మారినా ఆ రూట్లు తెలిసింది ఆ డ్రైవర్లకే. సమ్మెలో తాత్కాలిక డ్రైవరును పెట్టి బస్సు నడిపినప్పుడు ప్రయాణికులే దారి చెప్పాల్సి వచ్చింది.

పోయిన ఏడాది మనవరాలు తన ఆఫీసు చూపిస్తానని తీసుకుపోయింది. అద్దాల మేడ. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి నా మాట విని ఆగాడు. "మనది ఏ దిక్కు సారూ?" దేవరకొండ అన్నాను. "మాది నేరేడుగొమ్ము దిక్కే" అని చేతిలో పుస్తకం పక్కన పెట్టి కుర్చీ వేశాడు. ఆరేండ్ల నుంచి అదే గేటు. ఎన్ని రోజులకు జీతం పెరుగుతదని గుమస్తా బుద్ధితో అడిగాను. "ఏజెన్సీ మారుతుంటది సారూ. ఇది మూడోది. అంగీ మారింది, నేను మారలే" అన్నాడు. ఏజెన్సీ మారినప్పుడల్లా అతను కొత్తగా చేరినట్టు లెక్క. గ్రాట్యుటీ చట్టం 1972ది, అయిదేండ్లు నిండాలి. మూడు ఏజెన్సీల్లో ఎక్కడా అయిదు నిండలేదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో గడువు పెట్టి తీసుకున్నవాళ్లకు ఏడాదికే గ్రాట్యుటీ అని రాశారట. గేటు దాకా ఎప్పుడు వస్తదో చూడాలి.

ఆ సంగతి ఇప్పుడు యాదికొచ్చి నక్షలో వెతికాను. "ఆ గేటు మనిషి ఏ డబ్బాల ఉన్నడే?"

"ఆయన మా రోల్స్‌ల లేడు తాతా. వెండర్."

"ఊడ్చేటోళ్లు?"

"వెండర్."

"క్యాబు డ్రైవరు?"

ఆమె జవాబు చెప్పలేదు. పట్వారీ నక్షలో కూడా అంతే, గుడిసెల జాగాకు నంబరు ఉండదు. నేను ఆమెను గెలిచానని సంబురపడాలి గానీ, షెడ్డు కాపలా మనిషి కండ్ల ముందుకొచ్చి ఊరుకున్నాను. నా బీరువాలోనూ అతని పుస్తకం లేదు.

రాత్రి బతుకమ్మ సాగనంపి వచ్చాక సీతాఫలాలు ముందు వేసుకుని కూర్చున్నాం. ఎవరైనా కంపెనీ మానేస్తే అడిగే ప్రశ్నలు ఉంటాయట, సరదాకు నన్ను అడిగింది. పై అధికారి ఎట్లాంటివాడు? ఎదుగుదల ఉండెనా? చేసిన పనికి గుర్తింపు దొరికెనా? పోయేటప్పుడు ఇవన్నీ అడిగితే ఎవడు నిజం చెబుతాడే, పోతున్నవాడు రిలీవింగు కాగితం కోసం తియ్యగానే మాట్లాడతాడు, మీరూ కేకు కోసి పొగుడుతారు, చచ్చినవాడి కండ్లు చారెడు అన్నట్టు, అని దులిపేశాను. ఆమె గింజలు ఊసి, "సరే, ఉల్టా అడుగుత. నువ్వు ఎందుకు పోలేదు తాతా, ముప్పై ఎనిమిదేండ్లు?" అన్నది.

పని మీద గౌరవం అన్నాను. శాఖ మీద మమకారం అన్నాను. మా కాలంలో మాట అంటే మాట అన్నాను.

"బ్యాంకు ముచ్చట చెప్పు బిడ్డకు" అన్నది లోపల్నుంచి మా ఆవిడ.

1979. ఒక బ్యాంకులో గుమస్తా పరీక్ష పాసయ్యాను. జీతం నా దానికి రెట్టింపు దగ్గర. సర్కారు కొలువులో ఉన్నవాడు పోవాలంటే నిరభ్యంతర పత్రం కావాలి. అర్జీ పెట్టాను. మా అధికారి చదివి, "నువ్వు పోతే ఎస్టాబ్లిష్‌మెంటు ఎవరు చూస్తరు? నీ అంత మంచిగ ఎవరు రాస్తరు?" అన్నాడు. ఆ పొగడ్తకు నేను పొంగిపోయిన మాట కూడా దాచను. అర్జీ ఆయన టేబులు కుడివైపు అరలో మూడు నెలలు ఉంది. బ్యాంకు ఇచ్చిన గడువు ముగిసిన వారానికి, 'పరిశీలించడమైనది' అని రాసి వెనక్కి వచ్చింది. బ్యాంకువాళ్ల పిలుపు ఉత్తరం ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల కింద ఉంది. మా ఆవిడ దాన్ని చిత్తుకాగితాల్లో వేయనివ్వదు.

మనవరాలు ఆ ఉత్తరం తెచ్చుకుని చాలాసేపు చదివింది. మూడో లైనులో నా పేరు తప్పు టైపు అయి ఉంటుంది, దాన్ని చూసి నవ్వింది కూడా. ఆ తర్వాత నా ఫోను తీసుకుంది. ఏటా సర్కారుకు నేను బతికే ఉన్నానని రుజువు చూపాలి, లేకపోతే పింఛను ఆగుతుంది. ఒకప్పుడు ట్రెజరీ బెంచి మీద పొద్దంతా కూర్చుని సంతకం పెట్టి వచ్చేవాణ్ని. ఇప్పుడు ఫోనులో ముఖం చూపిస్తే చాలు. "రెప్పలు కొట్టు తాతా" అంది. కొట్టాను. "ఇంకొకసారి." కొట్టాను. నన్ను ముప్పై ఎనిమిదేండ్లు పోనివ్వని సర్కారు ఇప్పటికీ ఏడాదికొకసారి అడుగుతున్నది, ఉన్నవా, పోయినవా అని. తెర మీద పచ్చ గుర్తు పడింది. మనవరాలు లాప్‌టాప్ మూసింది. నేను ఇంకో సీతాఫలం అందుకున్నాను, అది ఇంకా మాగలేదు.